కరెంటు ఎప్పుడు పడాలి? డ్రాగ్ ఇంజన్ల టైమింగ్ మీద ఒక సమీక్ష

పాత ఆర్‌ఎక్స్ 100ను రేసుకు తయారుచేసే షెడ్డు తుంగతుర్తిలో ఉన్నా, సూర్యాపేటలో ఉన్నా, మిర్యాలగూడలో ఉన్నా అక్కడ ఒక మాట ఖాయంగా వినిపిస్తుంది: "టైమింగ్ కొంచెం ముందుకు జరిపితే బండి ఎగిరిపోతది." బోరు కొట్టించి, పోర్టులు గీకించి, హెడ్డు స్కిమ్మింగ్ చేయించి, సైలెన్సర్ మార్పించి, చిట్టచివర మాగ్నెట్ ప్లేటును కాస్త తిప్పి బండి అప్పజెబుతారు. ఆ చివరి పనికి వచ్చే పేరు మిగతా పనులన్నిటికీ కలిపి కూడా రాదు. ఇంజను సీజైతే తిట్లు కూడా దానికే పడతాయి.

పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని దారి. నిలబడ్డ చోటు నుంచి బయలుదేరి ఎవరు ముందు అవతలి గీత దాటితే వాళ్లది గెలుపు. డ్రాగ్ రేసంటే ఇంతే. దీనికి తయారైన బైకు ఇంజన్లు తొమ్మిది వేలు, పది వేలు, ఒక్కోసారి పన్నెండు వేల ఆర్‌పీఎం దాకా తిరుగుతాయి. ఆ వేగంలో ప్లగ్గు దగ్గర కరెంటు ఎప్పుడు పడాలన్న ప్రశ్న మీద వందేళ్లుగా చర్చ నడుస్తోంది. అందులో తేలిందేమిటి, తేలనిదేమిటి, మన షెడ్లలో తప్పుగా చలామణి అవుతున్నదేమిటి అన్నదే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టైమింగ్‌తో శక్తి పుట్టదు. మిగతా పనులతో పుట్టిన శక్తి వృథా కాకుండా చూడటమే దాని పని.

పిస్టన్ పైకి వచ్చి ఆగే చోటును మెకానిక్కులు టాప్ అంటారు. కరెంటు సరిగ్గా టాప్ మీద కాదు, దానికి కొన్ని డిగ్రీల ముందే పడాలి; ఆ ముందు డిగ్రీలనే అడ్వాన్స్ అంటారు. పెట్రోలు-గాలి మిశ్రమం ఒక్కసారిగా పేలిపోదు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట హెడ్డు అంచుల దాకా పాకాలి, దానికి వ్యవధి కావాలి. మంట ఒత్తిడి గరిష్ఠానికి చేరేది టాప్ దాటిన 15 డిగ్రీల దరిదాపుల్లో అయితే క్రాంకుకు ఎక్కువ తోపు దక్కుతుంది. సైకిలు పెడల్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు ఎంత తొక్కినా లాభం లేదు, కాస్త ముందుకు ఒరిగాకే తొక్కుడు పనికొస్తుంది. ఇదీ అలాంటిదే. కరెంటు మరీ ముందు పడితే పైకొస్తున్న పిస్టన్‌ను మంటే వెనక్కి తోస్తుంది. కిక్కు కొట్టినప్పుడు కాలికి ఎదురు తన్నేది ఆ తోపే.

నల్గొండ జిల్లాలో బావుల మీద ఆయిల్ ఇంజన్లు నడిపిన తరానికి ఇది కొత్త విషయం కాదు. ఆ డీజిల్ ఇంజన్లకు ప్లగ్గు ఉండదు కానీ ఆయిలు ఎప్పుడు చిమ్మాలన్న లెక్క ఉంటుంది. పంపు కింద షిమ్ములు తీసి, వేసి ఆ లెక్క సరిచేసేవారు. 1500 ఆర్‌పీఎం దగ్గర నింపాదిగా తిరిగే ఆ ఇంజనుకు చెవి చాలు. పన్నెండు వేలు తిరిగే ఇంజనుకు చెవి చాలదు. ఎందుకు చాలదో అంకెలు చెబుతాయి.

1500 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు ఒక డిగ్రీ తిరగడానికి 111 మైక్రోసెకన్లు పడుతుంది. 12,000 ఆర్‌పీఎం దగ్గర 14 మైక్రోసెకన్లు కూడా పట్టదు. టాప్‌కు 30 డిగ్రీల ముందు కరెంటు పడిందంటే, పిస్టన్ టాప్ చేరేలోగా మంటకు దొరికే వ్యవధి సెకనులో రెండు వేల వంతు కన్నా తక్కువ. ఇక్కడే అందరికీ ఒక సందేహం రావాలి. నింపాదిగా తిరిగేటప్పుడు 10 డిగ్రీల ముందు అంటిస్తే సరిపోయిన మంటకు, ఎనిమిది రెట్ల వేగంలో 80 డిగ్రీలు ముందు అంటించాలి కదా? ఏ రేసు ఇంజనూ పెట్రోలు మీద అలా నడవదు. ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల దగ్గరే చాలా ఇంజన్ల అవసరం తీరిపోతుంది.

జవాబు హెడ్డు లోపలి సుడిలో ఉంది. ఇంజను వేగం పెరిగేకొద్దీ లోపలికి వచ్చే గాలి మరింత అల్లకల్లోలంగా తిరుగుతుంది. ఆ సుడిలో మంట ముడతలు పడి, చీలికలై, దాదాపు ఇంజను వేగంతో పాటే తన వేగమూ పెంచుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి సంవత్సరాల్లో ఇంగ్లాండులో ఇంజనీరు హ్యారీ రికార్డో ఈ సుడి విలువ గుర్తించి, దాన్ని పెంచేలా హెడ్డు ఆకారాన్నే మార్చి చూపించాడు. అంటుకున్న తొలి క్షణాల్లో, నిప్పురవ్వ చిన్న ముద్దగా ఎదిగే దశలో మాత్రం సుడి సాయం తక్కువ. ఆ దశకు కావలసిన వ్యవధి కోసమే వేగంతో పాటు కొంత అడ్వాన్స్ పెంచాల్సి వస్తుంది. అందుకే టైమింగ్ గీత కింది ఆర్‌పీఎంలో నిటారుగా ఎక్కి, నాలుగైదు వేల తర్వాత చదునవుతుంది. "తిరిగినకొద్దీ ముందుకు" అన్న షెడ్డు సూత్రానికి సైన్సు ఇచ్చే మద్దతు ఆ చదును మొదలయ్యేదాకానే.

ఇక ఎంత ముందుకు అన్నది హెడ్డును బట్టి ఉంటుంది. పాత బుల్లెట్ లాంటి రెండు వాల్వుల, లోతైన గిన్నె హెడ్డులో మంట దూరం పాకాలి, కాబట్టి అడ్వాన్స్ ఎక్కువ కావాలి. కేటీఎం 390 డ్యూక్ లాంటి నాలుగు వాల్వుల ఇంజనులో ప్లగ్గు నట్టనడుమ ఉంటుంది, సుడి బాగుంటుంది, తక్కువ అడ్వాన్స్‌తోనే పని జరుగుతుంది. ప్లగ్గు పక్కకు ఉన్న చిన్న ఇంజన్ల సంగతి మన దేశంలో కోర్టు దాకా వెళ్లింది. 2003లో బజాజ్ పల్సర్‌కు డీటీఎస్-ఐ పేరుతో రెండు ప్లగ్గులు పెట్టారు. రెండు వైపుల నుంచి మంట వస్తే పాకాల్సిన దూరం సగమవుతుంది. టీవీఎస్ ఫ్లేమ్‌లోనూ రెండు ప్లగ్గులు కనబడేసరికి రెండు కంపెనీలూ మద్రాసు హైకోర్టు మెట్లెక్కాయి. అక్కడి నుంచి వ్యవహారం 2009లో సుప్రీంకోర్టు వరకూ నడిచింది. పేటెంటు మాట ఎలా ఉన్నా, ఆ తగాదా వల్ల దేశంలో చాలామందికి హెడ్డులో మంట నడక అనేదొకటుందని తెలిసింది. రెండు ప్లగ్గుల హెడ్డుకు ఒక ప్లగ్గు హెడ్డు అడ్వాన్స్ పెట్టడం తప్పు. ఈ తప్పు ఇప్పటికీ జరుగుతోంది.

టైమింగ్ మీద పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం ఒకటుంది. మన షెడ్లకు అది ఇంకా చేరలేదు. శక్తిని కొలిచే డైనో మీద ఇంజనును ఒకే ఆర్‌పీఎంలో పట్టి ఉంచి, డిగ్రీ డిగ్రీ చొప్పున టైమింగ్ ముందుకు జరుపుతూ పోతే శక్తి పెరుగుతుంది, పెరుగుదల తగ్గుతుంది, గీత చదునవుతుంది, తర్వాత పడిపోతుంది. ఆ గీత కొన బల్లపరుపుగా ఉంటుంది. గరిష్ఠ శక్తి ఇచ్చే డిగ్రీకి అయిదు డిగ్రీలు వెనక ఉన్నా పోయేది సాధారణంగా ఒకటి రెండు శాతం. అయిదు డిగ్రీలు ముందుకు పోతే మాత్రం శక్తి పోవడమే కాదు, నాకింగ్ మొదలయ్యే ప్రమాదమూ ఉంది. లాభం అణా, నష్టం రూపాయి. అందుకే అనుభవం ఉన్న ట్యూనర్లు పూర్తి శక్తినిచ్చే డిగ్రీల్లో అన్నిటికన్నా తక్కువదాన్ని వెతుకుతారు. ఎక్కువదాన్ని వెతికేవాళ్లు పిస్టన్లు కొంటూ ఉంటారు.

నాకింగ్ అంటే మంట చేరకముందే మూలన మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడం. గోడకు సుత్తి దెబ్బ తగిలినట్టు ఆ మోత వినిపిస్తుంది. రింగు గాడులు చిట్లడం, పిస్టన్ అంచు కొరికినట్టు అయిపోవడం దాని గుర్తులు. ఇది జరగడానికి కొంత వ్యవధి కావాలి కాబట్టి, ఆర్‌పీఎం బాగా ఎక్కాక దీని ప్రమాదం తగ్గుతుంది. పన్నెండు వేలలో మిశ్రమానికి తనంతట తాను అంటుకునే తీరిక ఉండదు. అసలు గండం గాలి బాగా నిండే మధ్య ఆర్‌పీఎంలో ఉంది. డ్రాగ్‌లో గేరు మార్చిన ప్రతిసారీ ఇంజను ఆ మధ్య ఆర్‌పీఎంలోకే పడుతుంది. అంటే పై ఆర్‌పీఎం కోసం ప్లేటు తిప్పి పెట్టిన స్థిరమైన అడ్వాన్స్, గేరు గేరుకూ ఇంజనును గండంలోకి తోస్తుంది. ఏ ఆర్‌పీఎంలో ఎంత అడ్వాన్స్ ఉండాలో గీత గీసుకునే ఎలక్ట్రానిక్ డబ్బా, అంటే సీడీఐ లేదా ఈసీయూ, ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది.

నాకింగ్‌ను ఆపేది ఆక్టేన్. 1921లో అమెరికాలో మిడ్‌గ్లీ అనే ఇంజనీరు పెట్రోల్లో సీసం కలిపి నాకింగ్ ఆపవచ్చని కనిపెట్టాడు. ఆ సీసం ప్రపంచాన్నంతా విషపూరితం చేశాక, మన దేశంలో 2000 నాటికి బంకుల నుంచి అది పోయింది. 20 శాతం ఇథనాల్ కలపకముందు మామూలు పెట్రోలు ఆక్టేన్ 91. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ 100 పేరుతో వంద ఆక్టేన్ పెట్రోలు తెచ్చింది. ఇక్కడ ఒక అపోహ ఉంది. వంద ఆక్టేన్ పోయించినంత మాత్రాన బండి వేగం పెరగదు. కంప్రెషన్ పెంచడానికో, నాకింగ్ అడ్డుపడి ఆగిపోయిన టైమింగును ముందుకు జరపడానికో అది వీలు కల్పిస్తుంది, అంతే. కంపెనీ కంప్రెషన్, కంపెనీ టైమింగ్ ఉన్న బండిలో అది పోయించడం డబ్బు తగలేసుకోవడమే.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ లెక్కనంతా కదిపింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాగేస్తుంది. నాకింగ్ కోణంలో చూస్తే రేసువాళ్లకు ఇది శుభవార్తే. కానీ పెట్రోలుకు దాదాపు పద్నాలుగున్నర వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది వంతులు చాలు. ఒకప్పటి పెట్రోలుకు సరిచేసిన కార్బురేటర్ జెట్‌లోంచి ఈ మిశ్రమం పోతే ఇంజనుకు ఇంధనం ఏడెనిమిది శాతం తక్కువైనట్టే. టూ స్ట్రోకులో ఇంధనం తక్కువైతే వేడి పెరుగుతుంది, బండి సీజవుతుంది. అప్పుడు తప్పు టైమింగ్ మీదకు పోతుంది. జెట్ సరిచేయకుండా టైమింగ్ ముట్టుకోవద్దని అందుకే అంటున్నాను.

మన ఎండలు కూడా కలుస్తాయి. మే నెలలో తుంగతుర్తిలో 45 డిగ్రీల ఎండలో పీల్చే గాలి, తెల్లవారుజామున 25 డిగ్రీల్లో పీల్చే గాలి కన్నా ఆరు శాతం పలచన. శక్తి ఆ మేరకు తగ్గుతుంది. నాకింగ్ భయం మాత్రం తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే మొదలే వేడిగా వచ్చిన మిశ్రమం ఇంకా త్వరగా అంటుకుంటుంది. తెల్లవారుజామున సరిపోయిన టైమింగ్ మధ్యాహ్నానికి పిస్టన్‌ను తినేస్తుంది.

ఇక టూ స్ట్రోకు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో తయారైంది 1985 నుంచి 1996 వరకే. 98 సీసీ, బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, కంపెనీ ఇచ్చిన శక్తి 11 హార్స్‌పవర్, అదీ 7,500 ఆర్‌పీఎం దగ్గర. బండి ఆగిపోయి ముప్పై ఏళ్లు కావస్తున్నా జాతీయ డ్రాగ్ పోటీల్లో టూ స్ట్రోకులకు వేరే తరగతులు నడుస్తూనే ఉన్నాయి. ఈ ఇంజనుకు టైమింగ్ విషయంలో ఫోర్ స్ట్రోకు సూత్రాలు తలకిందులవుతాయి. ఈ తేడా తెలియకనే ఎక్కువ ఇంజన్లు పాడవుతున్నాయి.

టూ స్ట్రోకు శక్తి సగం సైలెన్సరులో ఉంటుంది. ఉబ్బెత్తు పొట్ట ఉన్న రేసు సైలెన్సరులో ఎగ్జాస్ట్ నుంచి బయలుదేరిన ఒత్తిడి అల చివరి దాకా వెళ్లి, తిరిగొచ్చి, పోర్టు మూతబడే క్షణంలో బయటికి జారిన పచ్చి మిశ్రమాన్ని లోపలికి నెట్టాలి. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో దీన్ని లెక్కగట్టి మరీ సాధించాడు. అతని రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి పారిపోయి ఆ విద్యను సుజుకీకి చేరవేశాడు. జపాను టూ స్ట్రోకుల వంశవృక్షంలో ఈ కథ ఉంది. ఆ అల ఎంత వేగంగా వెళ్లి వస్తుందన్నది సైలెన్సరులోని పొగ వేడిని బట్టి ఉంటుంది. వేడి పెరిగితే అల వేగం పెరుగుతుంది.

టైమింగ్‌ను వెనక్కి జరిపితే మంట ఆలస్యంగా ముగుస్తుంది, వేడి పొగ ఎక్కువగా సైలెన్సరులోకి పోతుంది. పొగ వేడి 800 కెల్విన్‌ల నుంచి 900కు పెరిగితే అల వేగం ఆరు శాతం పెరుగుతుంది. పదివేల ఆర్‌పీఎంకు కుదిరిన సైలెన్సరు అప్పుడు 10,600 దగ్గర కుదురుతుంది. అదే సైలెన్సరు, అదే పోర్టులు. కరెంటు ఆలస్యంగా పడటం వల్ల ఇంజను ఇంకో ఆరు వందలు తిరగగలుగుతుంది. అందుకే మంచి టూ స్ట్రోకు సీడీఐల గీత మధ్యలో ఎక్కి, గరిష్ఠ శక్తి దాటగానే బాగా కిందికి దిగుతుంది. ప్లేటును ముందుకు తిప్పి వదిలేసిన బండి మధ్యలో చురుగ్గా లాగి, పైన గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. "పికప్ వచ్చింది గానీ టాప్ స్పీడు పోయింది" అని కుర్రాళ్లు చెప్పుకునే గోడు ఇదే. రోగం సరిగ్గానే చెబుతారు, మందు మాత్రం ఇంకో రెండు డిగ్రీలు ముందుకు వేస్తారు.

  

ఫోర్ స్ట్రోకులో గరిష్ఠ టార్క్ దాటాక ఏం చేయాలన్నది ఇంకా వాదన ఉన్న విషయమే. ఆ తర్వాత సిలిండరు నిండటం తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది, మంట కాస్త నెమ్మదిస్తుంది, కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరపవచ్చన్నది ఒక పక్షం. సుడి పెరిగి ఆ లోటు పూడుస్తుంది, ముట్టుకోవద్దన్నది ఇంకో పక్షం. రెండూ నిజమైన ఇంజన్లు ఉన్నాయి. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో ఏటా జరిగే ఫార్ములా భారత్ పోటీల్లో ఇంజనీరింగ్ విద్యార్థుల కార్లకు గాలి దారిలో 20 మిల్లీమీటర్ల ఇరుకు పెట్టాలని నిబంధన. పై ఆర్‌పీఎంలో గాలి అందక మిశ్రమం పలచబడే అలాంటి ఇంజనుకు మొదటి పక్షం మాట వర్తిస్తుంది. గొంతు విప్పార్చిన డ్రాగ్ ఇంజనుకు రెండోదే ఎక్కువసార్లు నిజమైంది. చదువుకునే పిల్లలకు టైమింగ్ గీతతో చట్టబద్ధంగా కుస్తీ పట్టే చోటు ఫార్ములా భారత్‌కు మించి మన దగ్గర లేదు.

ఆ ట్రాకు పేరులోని కారి, సుందరం కరివర్ధన్. కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగువారి మిల్లు కుటుంబంలో పుట్టి, మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారు తయారుచేసి, డబ్బున్నవాళ్ల ఆటను మామూలు కుర్రాళ్ల దగ్గరికి తెచ్చాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. ఒకప్పుడు దక్షిణాది రేసులు చాలావరకు నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో ఉన్న షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి. తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చింది. జాతీయ డ్రాగ్ పోటీలు జరిగేదీ అక్కడే. అదే కోయంబత్తూరు తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగాడు. ఆ టయోటా ఇంజను 18,000 ఆర్‌పీఎం దాటి తిరిగేది. అక్కడ ఒక డిగ్రీ అంటే 9 మైక్రోసెకన్లు.

మన గడ్డ మీద మాత్రం వింత జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ చుట్టూ జరిగిన ప్రపంచ స్థాయి రేసు ఫార్ములా ఈ. ఆ కార్లు కరెంటు మోటార్లతో నడిచేవి. ప్లగ్గే లేదు, టైమింగ్ మాటే లేదు.

అమెరికా టాప్ ఫ్యూయల్ డ్రాగ్ కార్ల అంకెలు చూసి మోసపోయేవాళ్లు కొందరు. అక్కడ 50 డిగ్రీలు దాటి అడ్వాన్స్ పెడతారన్నది నిజం. అయితే వాళ్లు కాల్చేది పెట్రోలు కాదు, తొంభై శాతం దాకా నైట్రోమీథేన్. దానికి కావలసిన గాలి బరువులో 1.7 వంతులే. అంత తడి మిశ్రమం నెమ్మదిగా అంటుకుంటుంది, అందుకే అంత ముందు అంటించాలి. సిలిండరుకు రెండు ప్లగ్గులు, ఇంజనుకు రెండు మాగ్నెటోలు. అంత శక్తి ఉన్నవాళ్లు కూడా గీత వదిలిన తొలి క్షణాల్లో టైరు అదరకుండా టైమింగును కావాలనే వెనక్కి లాగుతారు. పరుగు మొత్తానికి ఒకే టైమింగ్ అనే ఆలోచనే అక్కడ లేదు. వాళ్ల దగ్గర అరువు తెచ్చుకోవలసింది ఈ ఒక్కటే, 50 డిగ్రీలు కాదు.

సీడీఐల సంగతికి వద్దాం. కరెంటును తెరిచి మూసే పాయింట్లు ఉన్న కాలంలో ఆర్‌పీఎం పెరిగితే పాయింట్లు ఎగిరి, కరెంటు ఎక్కడ పడుతుందో చెప్పలేని స్థితి ఉండేది. సీడీఐ ఆ బాధ తీర్చింది. దాని కరెంటు చప్పున లేస్తుంది, ఆయిలు పట్టిన ప్లగ్గులో కూడా దూకుతుంది, అందుకే టూ స్ట్రోకులకు నప్పింది. కాకపోతే ఆ నిప్పు క్షణికం. పలచని మిశ్రమానికి కాయిల్ ఇగ్నిషన్ ఇచ్చే దీర్ఘమైన నిప్పే మేలని వాదించేవారున్నారు, ఆధునిక ఫోర్ స్ట్రోకులు వాళ్ల వైపే మొగ్గాయి.

నన్ను ఇబ్బంది పెట్టేది "రేసింగ్ సీడీఐ" అని రంగుల డబ్బాలో అమ్మే సరుకు. దాని లోపల ఏ ఆర్‌పీఎంకు ఎన్ని డిగ్రీలో డబ్బా మీద ఉండదు. పికప్ నుంచి ప్లగ్గు దాకా సంకేతం చేరడానికి ఏ డబ్బాకైనా కొంత ఆలస్యం ఉంటుంది. 50 మైక్రోసెకన్ల ఆలస్యం అనుకుందాం. అది 3,000 ఆర్‌పీఎం దగ్గర ఒక డిగ్రీ కూడా కాదు. 12,000 దగ్గర మూడున్నర డిగ్రీలు దాటుతుంది. మంచి డబ్బా ఆ తేడాను లోపలే సరిచేస్తుంది, చవక డబ్బా చేయదు. స్టాండు మీద నిలబెట్టి, తక్కువ ఆర్‌పీఎంలో టైమింగ్ లైటు కొట్టి "ఖచ్చితంగా ఉంది" అన్న బండి, పరుగులో మూడు డిగ్రీలు వెనక ఉండవచ్చు. అడ్వాన్స్ చేస్తే వేగం వచ్చిందని కొందరు ప్రమాణం చేసి చెప్పడానికి కారణం బహుశా ఇదే. వాళ్లు ముందుకు జరిపింది అడ్వాన్స్ కోసం అనుకున్నారు, నిజానికి డబ్బా పోగొట్టినదాన్ని తిరిగి ఇచ్చారు. లైటు ఎప్పుడూ పని ఆర్‌పీఎంలోనే కొట్టి చూడాలి.

లైటుకు ముందు టాప్ ఎక్కడుందో తెలియాలి. మాగ్నెట్ మీద కంపెనీ గీతను నమ్మడం చాలదు, మాగ్నెట్ కీ అరిగితే గీతే అబద్ధం. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ దింపి టాప్ పట్టుకోవాలి. 50 మిల్లీమీటర్ల స్ట్రోకు, 100 మిల్లీమీటర్ల కనెక్టింగ్ రాడ్ అనుకుంటే టాప్‌కు 2 మిల్లీమీటర్ల కింద అంటే సుమారు 21 డిగ్రీలు. అక్కడ 0.2 మిల్లీమీటరుకు ఒక డిగ్రీ. స్కేలుతో, అగ్గిపుల్లతో, కంటితో కొలిచేవాళ్లు రెండు మూడు డిగ్రీల తేడాను కళ్లు మూసుకుని ఆమోదిస్తున్నట్టే.

అయితే తేడా తెలిసేది ఎలా? "లాగుడు తెలుస్తోంది" అన్న మాటను నేను సాక్ష్యంగా ఒప్పుకోను. పావు మైలు కాలం బరువును శక్తితో భాగించిన దాని ఘనమూలాన్ని బట్టి మారుతుందన్నది డ్రాగ్ లోకంలో పాత సూత్రం. 14 సెకన్ల బండిలో టైమింగ్ వల్ల ఒక శాతం శక్తి కలిసొస్తే తగ్గేది సెకనులో ఇరవయ్యో వంతు. గీత దగ్గర క్లచ్ వదలడంలో అంతకంటే ఎక్కువే తేడా వస్తుంది. అదే బండి మీద రైడరు 75 కిలోల బదులు 60 కిలోలుంటే, బండి వందకిలోలనుకుంటే, దాదాపు 0.4 సెకను తగ్గుతుంది. టైమింగ్ మీద తగవులాడుకునే జట్టు ముందు రైడరును తూచాలి. ఇంజను శక్తిని నిజంగా చెప్పేది చేరిన కాలం కాదు, చివరి గీత దగ్గరి వేగం. బయలుదేరడం పాడైనా ఆ అంకె పెద్దగా చెడదు. ఒక డిగ్రీ మార్చి, అదే గాలిలో, అదే ఇంధనంతో రెండు మూడు పరుగులు తీసి, చివరి వేగం చూడాలి. పెరగకపోతే ఆ డిగ్రీ వెనక్కి తీసేయాలి.

ప్లగ్గు చదవడం కూడా విద్యే. తెల్లని పింగాణీ మీద వెండి పొడి చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. నాకింగ్ అప్పటికే జరిగిందన్నమాట. పొగ వేడి కొలిచే మీటరును మాత్రం తిరగేసి చదువుతున్నారు. అడ్వాన్స్ ఎక్కువైతే పొగ వేడి తగ్గుతుంది, ఎందుకంటే మంట లోపలే ముగిసి, వేడి పిస్టన్‌కూ హెడ్డుకూ పోతుంది. మీటరు చల్లగా ఉందని ఊరట చెందితే పిస్టన్ లోపల కరుగుతూ ఉంటుంది.

ఇదంతా ఎక్కడ కొలవాలన్నది అసలు చిక్కు. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి తిన్నగా ఉందని అక్కడ రాత్రిపూట కొలవకూడదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం రోడ్డు మీద పందెం మొదటిసారి అయితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. శిక్ష సంగతి అటుంచినా, ధాన్యం లారీల మధ్య, లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీల మధ్య తీసిన పరుగులో వచ్చిన అంకెకు విలువ లేదు. రాష్ట్రంలో గంటలెక్కన అద్దెకిచ్చే 402 మీటర్ల దారి, రెండు చివరలా సెన్సార్లు, ఆపడానికి అంతకు రెట్టింపు దూరం ఉంటే చాలు. ఫార్ములా ఈ కోసం నగరం నడిబొడ్డున ట్రాకు వేయగలిగిన రాష్ట్రానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

అప్పటిదాకా ఈ పనిలో ఉన్న కుర్రాళ్లకు చెప్పేది ఇది. ముందు జెట్టు, తర్వాత కంప్రెషన్, తర్వాత సైలెన్సరు, ఆఖరున టైమింగ్. రేసింగ్ సీడీఐ కొనేముందు దాని గీత ఉన్న కాగితం అడగండి. అమ్మేవాడు చూపించలేకపోతే ఆ డబ్బుతో ఒక టైమింగ్ లైటూ డయల్ గేజూ కొనుక్కోండి.